గురువారం ఉండదు

"ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేను కొట్టలేదు. మరి ఎవరు కొట్టారో మీరే చెప్పండి," అంది తల్లి.

పెద్దమ్మ నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. బాలల సంరక్షణ కార్యాలయం తరఫున ఇళ్లకు వెళ్లి విచారణ చేసే అధికారిణి ఆమె. పిల్లలు పెద్దమ్మా అని పిలవడం మొదలుపెడితే, పెద్దవాళ్లూ అదే పేరు ఖాయం చేశారు. గిట్టనివాళ్లు మాత్రం ఈ పెద్దమ్మ నెత్తినెక్కి కూర్చుందంటే ఇక దిగదని చాటున నవ్వుకుంటారు. ఆ మాట ఆమె చెవిన పడకపోలేదు. పట్టించుకునే ఓపిక లేదంతే. ఇల్లేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మోకాళ్లు పీకుతున్నాయి. మధ్యాహ్నమైనా కడుపులో ఇంకా మెతుకు పడలేదు.

"మళ్లీ మొదట్నించి చెప్పమ్మా. పొద్దున లేచిన దగ్గర్నించి."

"ఇప్పటికి నాలుగుసార్లు చెప్పానండి."

"నాకూ వినీ వినీ విసుగొచ్చింది. అయినా చెప్పు."

తల్లి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. అద్దాలు తుడిచి తుడిచి అలవాటైన చెయ్యి. ఇప్పుడూ చేతిలో గుడ్డ పెట్టుకుని, మరకే లేని బల్లను తుడుస్తూ చెప్పింది.

"ఏడింటికి లేపాను. పాలు తాగింది. ఏడున్నరకి నేను స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఏంటే అంటే ఏం లేదంది. స్కూల్లో దించి షాపుకి పోయాను. కాసేపటికే టీచరు ఫోను చేసింది."

"స్నానం ఎంతసేపు చేశావు?"

"పది నిమిషాలు. మించదు."

"వీధి తలుపు?"

"గడియ వేసే ఉంది. గడియ పెట్టకుండా నేను స్నానానికి వెళ్లిన రోజు లేదండి. ఆయనతో కాపురం చేసినదాన్ని, ఎలా వెళ్తాను?"

ఆయన అంటే పాప తండ్రి. పళ్ల డాక్టరు. మనిషి మహా నెమ్మది. రెండేళ్ల కిందట భార్య దవడ ఎముక విరిగితే, మెట్ల మీంచి జారిపడిందని చెప్పి తనే ఎత్తుకెళ్లి ఆసుపత్రిలో చేర్చిన పెద్దమనిషి. ఆ తర్వాతే ఆమె పాపను తీసుకుని బయటపడింది. విడాకుల కేసు నడుస్తోంది. భార్యను కలవకూడదు, ఫోను చెయ్యకూడదు, కబురు పెట్టకూడదు అని కోర్టు కట్టడి చేసింది. ఆయన ఆ కట్టడిని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఈ రెండేళ్లలో ఒక్క ఫోను లేదు, ఒక్క ఉత్తరం ముక్క లేదు. జడ్జిగారికి ఆయనంటే గౌరవం పెరగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పాపకు ఏడేళ్లు. ఇంట్లో పిలిచే పేరు పండు. గురువారం సాయంత్రం కోర్టు నడిపే అప్పగింతల కేంద్రంలో తండ్రి చేతికి, ఆదివారం సాయంత్రం మళ్లీ తల్లి చేతికి. అదీ ఏర్పాటు. అయితే ఈ ఐదు వారాల్లో మూడుసార్లు, మూడుసార్లూ గురువారం పొద్దునే, పండు ఎడమ చేతి మీద కొత్త దెబ్బ కనిపించింది. ముగ్గురు డాక్టర్లు మూడుసార్లూ ఒకే మాట అన్నారు. దెబ్బ తగిలి కొన్ని గంటలే అయింది, అంటే తగిలింది తల్లి ఇంట్లోనే. దెబ్బ కనిపిస్తే విచారణ తేలేదాకా ఆ వారం అప్పగింత ఆపాలన్నది కేంద్రం నియమం. అలా రెండుసార్లు ఆగింది. చివరికి జడ్జిగారికి సహనం పోయి, ఈ గురువారం దెబ్బ ఉన్నా లేకపోయినా పాపను తండ్రికి అప్పగించాల్సిందేనని ఆదేశించారు. రేపు పొద్దున పెద్దమ్మ నివేదిక ఇవ్వాలి. దెబ్బలు తల్లి పనే అని తేలిందా, పండు ఇక పూర్తిగా తండ్రిదే.

ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయంటారు. ఆ విరిగిన కాళ్లు లెక్కపెట్టడం పెద్దమ్మ ఉద్యోగం. రెండింట్లో ఒకటి ఎప్పుడో కొమ్ములు విరిగి మూలన నక్కినా సరే, కోర్టు కాగితాల్లో ఇద్దర్నీ ఆబోతులనే రాస్తారు. ఆ మాట మార్పించడానికి ఆమె చాలా ఏళ్లు పోరాడింది. ఇప్పుడు పోరాడే మాట అటుంచి, చదివే ఓపిక కూడా తగ్గిపోయింది.

"పాప పడుకునే గది చూపించు," అని లేచింది.

గది అనడం మర్యాద కోసమే. వంటిల్లు కాగా మిగిలిన జాగాకు అడ్డంగా తెర కట్టారు. తెర వెనక ఒక మంచం, ఒక బీరువా, పండు చదువుకునే పొట్టి బల్ల. పెద్దమ్మ ఫోనులో డాక్టరు పంపిన ఫోటో తెరిచింది. మణికట్టుకు బెత్తెడు పైన చేతి మీద ఒక అడ్డ గీత. చెయ్యి తిప్పి తీసిన రెండో ఫోటోలో, సరిగ్గా దానికి ఎదురుగా కింద ఇంకో గీత. కర్రతో కొడితే దెబ్బ ఒకవైపే పడుతుంది. పట్టుకుని నలిపితే వేళ్ల గుర్తులు పడతాయి. ఇలా రెండువైపులా పడిందంటే చెయ్యి రెంటి మధ్య ఇరుక్కుని ఉండాలి.

వీధి తలుపు చూసింది. అంచు గుండ్రంగా ఉంది, గీత ఇంత సన్నగా పడదు. కిటికీకి ఊచలు, రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. బీరువా తలుపు వదులై, వేలు పెట్టినా నలగనంత సందు ఉంది. చూస్తూ చూస్తూ పొట్టి బల్ల దగ్గరికి వచ్చి, అమ్మయ్యా అనుకుంటూ నేల మీద చతికిలబడింది. పిల్లల ఎత్తు నుంచి చూస్తే గాని పిల్లల ఇల్లు అర్థం కాదని ఆమె నమ్మకం. కూర్చోవడానికి అదొక సాకు కూడా.

బల్లకు ఒక సొరుగు ఉంది. బిగుసుకుపోయి ఉంది. లాగితే కీచుమని వచ్చింది. లోపల రంగు పెన్సిళ్లన్నీ వెనక్కి తోసేసి ఉన్నాయి. ముందు భాగంలో, సొరుగు అంచు మీద, నాలుగు మడతలు పెట్టిన ఒక తెల్ల మేజోడు.

"ఇది ఇక్కడెందుకుంది?"

తల్లి వంగి చూసింది. "దీని జతకోసం వారం రోజుల్నించి వెతుకుతున్నానండి. ఎక్కడ పడితే అక్కడ పడేస్తుంది."

పడేసిన మేజోడు నాలుగు మడతలు పెట్టుకుని కూర్చోదు. పెద్దమ్మ దాన్ని వేళ్లతో తడిమింది. మడతల మధ్య అడ్డంగా గట్టి నొక్కు. తల్లిని అవతలికి పంపి తెర లాగేసి, తన ఎడమ చెయ్యి సొరుగులో పెట్టింది, మేజోడు పైకి వచ్చేలా. కుడిచేత్తో సొరుగును మెల్లగానే తోసింది. అయినా ప్రాణం జివ్వుమంది.

కోపంతో కొట్టేవాళ్లు మెత్తటిది అడ్డం పెట్టరు. ఆ మేజోడు పెట్టింది, సొరుగు మూసింది ఒక్కరే, పండే. కుడిచేతి వాటం పిల్ల కాబట్టే దెబ్బ ప్రతిసారీ ఎడమ చేతికి.

అది తెలిసి ఆమెకు సంతోషం కలగలేదు. పిల్ల తనంతట తను చేసుకుందని రేపు రాస్తే, ఎందుకు చేసుకుంది అని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు లేకుండా ఈ నిజం కోర్టులో తల్లిని కాపాడకపోగా ముంచుతుంది.

"ఏమైనా దొరికిందాండి?" తల్లి తెర అవతల నిలబడి అడిగింది. ఆ గొంతులో ఆశ వినలేకపోయింది పెద్దమ్మ.

"సాయంత్రం పాపతో మాట్లాడాక చెప్తాను. ఐదింటిలోపు కేంద్రానికి తీసుకురా. నేను ముందే వెళ్లి ఉంటాను."

"ఇవాళ ఆయనకి ఇవ్వక తప్పదా?"

"జడ్జిగారి మాటమ్మా. నా చేతిలో లేదు."

తల్లి తల ఊపి, గుడ్డ తీసుకుని మళ్లీ బల్ల తుడవడం మొదలుపెట్టింది.

రెండో అంతస్తు మలుపులో గోడకానుకుని నిలబడి ఉన్నాడు లెన్సు. అసలు పేరు అతనికే గుర్తుందో లేదో. ఒకప్పుడు పోలీసు. పెద్దమ్మతో కలిసి ఎన్నో ఇళ్ల తలుపులు తట్టినవాడు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివు పని చేసుకుంటున్నాడు. ఈ కేసులో తండ్రి పెట్టుకున్న మనిషి.

"ఏం అక్కా, చిక్కిందా?"

"నువ్వు చిక్కావు కదా, చాల్లే. దారి వదులు."

"పొద్దున ఏడింటి నుంచి ఎదురు మేడ మీద ఉన్నా. వీధి తలుపు నా కళ్లెదురుగానే ఉంది. ఒక్క పురుగు లోపలికి పోలేదు. ఆవిడా, పాపా, గడియ పెట్టిన తలుపు. అంతే లెక్క. ఇంక ఇందులో విచారించేదేముంది?"

"అంత తేలిగ్గా తేలిపోతే ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావు నాయనా, కాళ్లు నొప్పులు పుట్టేలా?"

లెన్సు నవ్వలేదు. "నీమీద గౌరవం ఉండి చెప్తున్నా. దెబ్బ తగిలితే ఎవరికి లాభం? గురువారం అప్పగింత ఆగుతుంది. పాప తల్లి దగ్గరే ఉండిపోతుంది. కంచే చేను మేస్తోంది అక్కా. నువ్వేమో పోయి ఆ కంచెకే కాపలా కాస్తున్నావు."

"పాప తనే చేసుకుందనుకో."

"ఏడేళ్ల పిల్లా?" కనుబొమలు ఎగరేశాడు. "సరే, చేసుకుందనే అనుకుందాం. నేర్పిందెవరు? నువ్వు అలా రాసిచ్చావంటే మా లాయరు వచ్చి నీ కాళ్లకి దండం పెడతాడు. ఆవిడని నువ్వే పడగొట్టినట్టు."

తను ఏ మాటకు భయపడిందో అదే మాట అతని నోటి నుంచి వచ్చింది. పెద్దమ్మకు ఒళ్లు మండింది.

"ఆవిడ దవడ విరిగినప్పుడు ఎక్స్‌రే చూశావా నువ్వు?"

"పాత సంగతి అది. ఆయన అప్పట్నించి ఆవిడ వంక కన్నెత్తి చూడలేదు. నేను ఆర్నెల్ల నుంచి చూస్తున్నా కదా."

"నువ్వు ఆయన్ని చూస్తున్నావా, ఆవిణ్ని చూస్తున్నావా?"

"ఆవిణ్నే. అదే నా పని. చూసింది చూసినట్టు చెప్తా, చూడంది చెప్పను. లెన్సు అని ఊరికే పేరు రాలేదు."

"మంచిది. ఎవరి కంటికి ఆనిస్తే వాళ్లకే చూపిస్తుంది లెన్సు," అని మెట్లు దిగింది పెద్దమ్మ. వెటకారమైతే ఆడింది గాని, వీధిలోకి వచ్చేసరికి నీరసం కమ్ముకొచ్చింది. ఎదురు వాదించడానికి తన దగ్గర ఒక మేజోడు తప్ప మరేమీ లేదు.

అప్పగింతల కేంద్రంలో పిల్లలతో మాట్లాడే గదికి పసుపు రంగు వేశారు. పొట్టి కుర్చీలు, చెవి తెగిన ఒక గుడ్డ కుందేలు, ఎవరూ ఎప్పుడూ పూర్తి చెయ్యని బొమ్మల ముక్కలు. ఆ గదిలో పండును ప్రశ్న అడగని వాళ్లు లేరు. డాక్టరు, టీచరు, కౌన్సెలరు, ఇద్దరు లాయర్లు, జడ్జిగారు స్వయంగా, పెద్దమ్మ రెండుసార్లు. అందరిదీ ఒకే ప్రశ్న. ఎవరు చేశారమ్మా? వాళ్ల శిక్షణే అది. దెబ్బ కనిపిస్తే ముందు కొట్టిన చెయ్యి కోసం వెతకాలి. ప్రశ్న మారలేదు కాబట్టి పండు జవాబూ మారలేదు. ఎవరూ లేదు, తలుపు తగిలింది.

తల్లి పాపను ఇన్‌చార్జికి అప్పజెప్పి పక్క గదిలో సంతకాలు చేస్తోంది. పండు ఒక్కతే వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎడమ చేతికి కట్టు కట్టి ఉంది.

"మళ్లీ ఎవరు కొట్టారని అడుగుతావా?"

"అడగను."

"మరి ఎందుకొచ్చావు?"

"కూర్చోడానికి. మోకాళ్లు నొప్పి." పెద్దమ్మ మూలుగుతూ నేల మీద కూలబడింది.

పండు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు ముసలిదానివా?"

"ఇవాళ మాత్రం అవును."

ఆ జవాబు పాపకు నచ్చినట్టుంది. కుర్చీ దిగి వచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరూ కాసేపు బొమ్మల ముక్కలు అటూ ఇటూ జరిపారు. పెద్దమ్మ ముక్కల మీంచి కళ్లెత్తకుండా అడిగింది.

"పండూ, చేతికి దెబ్బ తగిలాక ఏమవుతుంది?"

"ఏమవుతుంది అంటే?"

"అంటే, తర్వాత ఏమేం జరుగుతుంది? వరసగా చెప్పు."

పాప ఆలోచించింది. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి దీనికి వల్లె వేసిన జవాబు లేదు. "టీచరు ఫోను చేస్తుంది. డాక్టరు ఆంటీ వచ్చి చూస్తుంది. అమ్మ వస్తుంది."

"ఆ. తర్వాత?"

"తర్వాత గురువారం ఉండదు."

పెద్దమ్మ చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. ఇన్ని వారాలుగా ఇంతమంది తలలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకు జవాబు అంత చిన్నది. దెబ్బ తగిలితే గురువారం ఉండదు. కేంద్రం నియమం పాప చక్కగా అర్థం చేసుకుంది, దాన్ని రాసిన వాళ్లకన్నా బాగా.

"మేజోడు మంచి ఆలోచనే," అంది మెల్లగా.

పండు కట్టును కుడిచేత్తో కప్పుకుంది. "మొదటిసారి పెట్టుకోలేదు. చాలా నొప్పేసింది," అంది. "అమ్మతో చెప్పకు. ఏడుస్తుంది."

"అమ్మ చెయ్యమందా?"

"అమ్మకి తెలీదు. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు చేస్తా. పోయిన వారం కుళాయిలో నీళ్లు రాలేదు, అమ్మ నా పక్కనే ఉంది. అందుకే నాన్న దగ్గరికి వెళ్లాల్సొచ్చింది." గొంతు తగ్గించి అడిగింది. "ఇవాళ దెబ్బ తగిలినా గురువారం ఉందంట కదా. ఇంకా పెద్ద దెబ్బ కావాలా?"

ఈ ఉద్యోగంలో ఏడవకూడదని పెద్దమ్మ ఎప్పుడో నేర్చుకుంది. ఆ నేర్చుకున్నది ఇప్పుడు అక్కరకు రాలేదు. కళ్లు తుడుచుకుని, పాప మంచి చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ. ఇంక నీకు దెబ్బలతో పనిలేదు. గురువారం ఆపే పని నాది. కానీ ఎందుకు ఆపాలో నాకు చెప్పాలి. నాన్న కొడతాడా?"

"కొట్టడు. నన్నెప్పుడూ కొట్టలేదు. ఐస్‌క్రీం కొంటాడు."

"మరి?"

"అడుగుతాడు. అమ్మకి చెప్పావా, అమ్మ మొహం ఎట్లా పెట్టింది అని."

అక్కడి నుంచి ఒక్కొక్క మాటా పొర విప్పినట్టు బయటికొచ్చింది. ప్రతి ఆదివారం తిరిగొచ్చేటప్పుడు కారులో నాన్న ఒక మాట నేర్పుతాడు. అమ్మతో చెప్పు అంటాడు. తప్పు పోకుండా చెప్పించుకుంటాడు. అన్నీ మంచి మాటలే. కొత్త ఆకుపచ్చ గొడుగు బాగుందని చెప్పు. షాపులో మధ్యాహ్నం ఒక్కదానివే ఉంటావు, జాగ్రత్త అని చెప్పు. మీ మెట్ల మీద లైటు పోయింది, చూసుకుని నడవమని చెప్పు. పండు వెళ్లి చెప్తుంది. అమ్మ మొహం తెల్లగా అయిపోతుంది. గడియ సరిగ్గా పడిందో లేదో మళ్లీ మళ్లీ చూస్తుంది. రాత్రంతా పడుకోదు. మళ్లీ గురువారం నాన్న అడుగుతాడు, మొహం ఎట్లా పెట్టింది అని.

"నోటితో చెప్తే చాలదు. చేసి చూపించాలి," అంది పండు. "సరిగ్గా చూపిస్తే నవ్వుతాడు."

కలవకూడదు, ఫోను చెయ్యకూడదు, కబురు పెట్టకూడదు. కాగితం మీద ఆయన ఏదీ చెయ్యలేదు. ఏడేళ్ల పిల్లను గొంతుగా వాడుకున్నాడు. తల్లి ఒకసారి గొడుగు సంగతి కౌన్సెలరుకు చెప్పుకుందని, ఆ కౌన్సెలరు దాన్ని 'అతి అనుమానం' అని రాసి పక్కన పెట్టాడని పెద్దమ్మకు గుర్తొచ్చింది. గొడుగు బాగుందనడం ఏ చట్టంలో నేరం?

"ఇక్కడే కూర్చో. ఇప్పుడే వస్తా," అని తలుపు దగ్గర ఆయాను నిలబెట్టి బయటికి నడిచింది.

లెన్సు వరండాలో ఫోను చూసుకుంటున్నాడు. పెద్దమ్మ అతని ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆకుపచ్చ గొడుగు. షాపులో మధ్యాహ్నం ఒంటరిగా ఉండటం. మెట్ల మీద లైటు పోవడం. ఇవి నువ్వు ఆ పళ్ల డాక్టరుకి చెప్పినవేనా?"

"అవును, నా రిపోర్టులో ఉన్నవే. నీకెవరు..."

"పాప. ఆ మాటలు ఆయన పాపకి నేర్పి తల్లికి పంపిస్తున్నాడు. నేను నిన్ను చూస్తూనే ఉన్నానని బెదిరింపు. ఆవిడ భయపడి మొహం ఎలా పెట్టిందో ఆ పిల్లే మళ్లీ చేసి చూపించాలి. అది తప్పించుకోడానికే చెయ్యి సొరుగులో పెట్టి నలుపుకుంటోంది."

లెన్సు ఫోను జేబులో పెట్టేశాడు. "నేను సాక్ష్యం కోసం చెప్పాను అక్కా. ఆవిడ పాపని సరిగ్గా చూసుకోవట్లేదని... ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది..."

"నువ్వు కన్ను, పాప నోరు. మధ్యలో ఆయన చేతికి మట్టి అంటలేదు."

ఆర్నెల్ల పని ఒక్కసారిగా మీద కూలినట్టు అతను గోడకు ఆనుకున్నాడు. అతను దొంగ కాడని పెద్దమ్మకు తెలుసు. తెలిసినా జాలి కలగలేదు.

"చివరిసారి ఏం చెప్పావు?"

"శనివారం కలిశాను." లెన్సు వెనకవైపు చూశాడు. "ఒకటి చాలా కాలంగా అడుగుతున్నాడు. అప్పగింత అయ్యాక ఆవిడ ముందు గేటు నుంచి బయటికి రాదు, ఎటు పోతోంది అని. పోయిన వారం కనిపెట్టాను. వెనక ఒక చిన్న గేటుంది. సందులోకి తెరుచుకుంటుంది."

ఆ గేటు సంగతి కేంద్రంలో పనిచేసేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియకూడదు. తండ్రి ముందు హాలులో కూర్చుని ఉండగానే తల్లిని అటునుంచి పంపేస్తారు, ఎదురుపడకుండా. తల్లుల రక్షణ కోసం పెట్టుకున్న పద్ధతి అది.

ఇన్‌చార్జి గడియారం చూసుకుంటూ వచ్చింది. "ఐదు దాటింది మేడమ్. తండ్రి ఇంకా రాలేదు. ఎన్నడూ ఆలస్యం చెయ్యని మనిషి. ఫోనూ ఎత్తట్లేదు."

"తల్లి ఎక్కడ?"

"సంతకాలు అయిపోయాయి. ఇప్పుడే పంపించేశాను, మామూలుగా వెనక గేటు నుంచే."

పెద్దమ్మ గదిలోకి పరుగెత్తింది. నొప్పి గుర్తు రాలేదు. పండు కుందేలును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పండూ, మొన్న ఆదివారం నాన్న ఏం చెప్పమన్నాడు?"

"అది నేను అమ్మకి చెప్పలేదు." పాప తల దించుకుంది. "నాన్నకి కోపం వస్తుందా?"

"రాదు. నాకు చెప్పు. తొందరగా చెప్పు తల్లీ."

పండు లేచి నిలబడింది. క్లాసులో పద్యం అప్పజెప్పేటప్పటిలా చేతులు వెనక్కి కట్టుకుంది. "గురువారం పండుని దించాక వెనక సందులో ఒక్కదానివే వెళ్లకు. అక్కడ మనుషులుండరు. నాకు దిగులుగా ఉంటుంది."

చెప్పేసి, అలవాటు ప్రకారం తలెత్తి ఎదుటి మొహంలోకి శ్రద్ధగా చూసింది.

"అమ్మ మొహం కూడా ఇట్లాగే అవుతుంది," అంది.

పెద్దమ్మ అప్పటికే గుమ్మం దాటింది. పాపను వదలొద్దని ఆయాతో, పోలీసులకు ఫోను చెయ్యమని ఇన్‌చార్జితో అరుస్తూ వంటగది పక్క నడవలోంచి వెనక్కి పరుగు తీసింది. లెన్సు ఆమెను దాటుకుని ముందు పోయి గేటు తోశాడు. కదల్లేదు. భుజంతో తోశాడు. ఆ గేటుకు లోపలివైపు గడియ ఎప్పుడూ ఉంటుంది. అది తీసే ఉంది. బయటి గడియను ఇన్నేళ్లలో వాడిన వాళ్లు లేరు. ఇప్పుడు అదే వేసి ఉంది.

"అమ్మా," అని పిలిచింది పెద్దమ్మ, రేకు మీద అరచేత్తో కొడుతూ. తల్లి పలకలేదు.

గేటు అవతల, చాలా దగ్గరగా, ఒక మగ గొంతు వినిపించింది. అందులో కోపం లేదు, తొందర లేదు. పళ్లాసుపత్రి కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మనిషితో మాట్లాడుతున్నట్టు మెత్తగా, ఓపిగ్గా ఉంది.

"కదలకు," అంటోంది.